మెడ తిప్పనక్కర్లేని కారు

ఆ ఆదివారానికి వాళ్ళు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. కారులో గరగరలాడే పాత రేడియోను ఊడదీసి, ఆ స్థానంలో కొత్త స్టీరియో పెట్టాలి. వెనక నంబరు పలక మీద ఒక బుల్లి కెమెరా బిగించాలి. భోంచేసి కాసేపు కిటికీ దగ్గర ఊరికే కూర్చోవాలి. సాయంత్రం టీకి వచ్చే అక్కనీ బావనీ కొత్త పాటలు వినిపిస్తూ ఒక చుట్టు తిప్పి తీసుకురావాలి. పెళ్ళై రెండు నెలలైన ఇంట్లో ఏ పథకం వేసినా అందులో ఊరికే కూర్చోవడానికి కొంత చోటుంటుంది.

స్టీరియో, కెమెరా రెండూ ఒకే పెట్టెలో వచ్చాయి. పెళ్ళికానుకగా ఇచ్చింది ఆమె బావ, అంటే అతనికి తోడల్లుడు. ఇస్తూనే షరతు పెట్టాడు.

"షాపువాడి చేత పెట్టించావంటే ఊరుకోను తమ్ముడూ. నా కారుకి నేనే బిగించుకున్నా. ఒకసారి కాదు, మూడుసార్లు. వీజీ పని. కాఫీ చల్లారేలోగా అయిపోతుంది."

అతను పటాలు గీసే ఆఫీసులో పనిచేస్తాడు. గీతలతో తప్ప తీగలతో ఎప్పుడూ పని పడలేదు. అయినా తోడల్లుడు చేసిన పని తను చేయలేకపోతే పరువేం కాను? వారం రోజులు వీడియోలు చూశాడు. ఇప్పుడు కొత్త స్క్రూడ్రైవర్ల సెట్టును చాప మీద పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా పేర్చి, వాటిని చూసి మురిసిపోతున్నాడు.

స్టీరియో అంటే ఆమెకూ ఇష్టమే. ఇష్టం లేనిదల్లా ఆ కెమెరా. ఎందుకు లేదో తెలియాలంటే ముందు వాళ్ళ సందు సంగతి తెలియాలి.

ఆ సందుకు ఒకవైపే దారి. రెండో చివర మూసుకుపోయిన చోట వాళ్ళ ఇల్లు. సందు ఎంత సన్నమంటే అందులో కారు తిప్పుకోవడం కుదరదు. ముక్కు ముందుగా వచ్చిన కారు తోక ముందుగానే బయటికి పోవాలి. పనిరోజుల్లో ఉదయం ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో ఆమెను దింపడానికి అతను కారు తీస్తాడు. రివర్సు గేరు వేసి, ఎడమ చేతిని ఆమె సీటు వెనక వేసి, భుజం మొత్తం అటు తిప్పి వెనక అద్దంలోంచి చూస్తూ మెల్లగా పోనిస్తాడు. అప్పుడు అతని గడ్డం ఆమె చెవికి జానెడు దూరంలో ఉంటుంది. సబ్బు వాసన, ఇంకా ఇస్త్రీ వేడి వదలని చొక్కా. ఆమె ఊపిరి బిగబట్టి, కళ్ళు సగం మూసి కూర్చుంటుంది. అటూ ఇటూ గోడలు, గేట్లు, పూలకుండీలు ఒక్కొక్కటే పక్క నుంచి ముందుకొచ్చి చిన్నవైపోతాయి. వాళ్ళ ఇల్లు సందు చివర ఎక్కడో, కలలో చూసిన ఇల్లులా మిగిలిపోతుంది. పెద్ద రోడ్డు రాగానే అతను చెయ్యి తీసేస్తాడు. ఆమెకు తెల్లవారుతుంది.

అసలు ఇల్లు వెతికేటప్పుడు మూడిళ్ళు చూశారు. ఒకదానికి పెద్ద వంటగది, ఒకదానికి రెండు బాల్కనీలు. కానీ ఈ ఇల్లు చూసి తిరిగి వెళ్ళేటప్పుడు అతను సందు పొడవునా కారును వెనక్కి తీశాడు. "ఇదే తీసుకుందామండీ, గాలి బాగా వస్తుంది" అంది ఆమె. ఆ ఇంట్లో గాలి రాదు.

ఈ మాట అతనితో చెప్పేస్తే సరిపోయేది. 'మీరు వెనక్కి వెళ్ళేటప్పుడు నాకు చాలా బాగుంటుంది' అని ఆమె అద్దం ముందు రెండుసార్లు అని చూసుకుంది. రెండుసార్లూ నవ్వు ఆగక తువ్వాలు నోట్లో కుక్కుకుంది. చదువుకున్న పిల్ల, నలుగురి కళ్ళూ పరీక్షించే పిల్ల, ఒక్క మనిషి కళ్ళలోకి చూసి ఆ ఒక్క వాక్యం అనలేకపోయింది. అందుకని చుట్టూ తిరిగి వచ్చింది.

"ఏవండీ, ఈ కెమెరా ఉండి తీరాలా?"

"ఉండాలి మరి. రివర్సు వేయగానే వెనకున్నదంతా స్టీరియో తెర మీద వచ్చేస్తుంది. ఇక మెడ తిప్పే పనే ఉండదు."

"మెడ నొప్పెడుతోందా మీకు?"

"నాకా? లేదే."

"మరెందుకు?"

"ఎందుకంటే... భద్రత" అని అతను కళ్ళెదుట ఉన్న స్క్రూడ్రైవర్ కోసం చాపంతా వెతికాడు. "ఇంకోటి తెలుసా? రివర్సులో ఉన్నంతసేపూ పాట దానంతటదే ఆగిపోతుంది. మనసు చెదరకుండా ఉండటానికట."

"పాట కూడానా!" అంది ఆమె. దోపిడీ జరిగిన ఇంటివాళ్ళు ఇంకో గదిలోకి తొంగి చూసి అనే మాటలా ఉందది.

ఆమె టార్చి పట్టుకుంది, అతను డాష్‌బోర్డు పలక లాగాడు. టక్‌మంది.

"అదేంటండీ?"

"ఆ చప్పుడు రావాలి. వీడియోలో కూడా వచ్చింది."

మళ్ళీ టక్‌మంది. ఈసారి ఒక ప్లాస్టిక్ ముక్క ఎగిరి చాప మీద పడింది.

"ఇది కూడా రావాలా?"

"ఇది రాకూడదు. వచ్చింది."

పాత రేడియో వెనక చీకట్లోంచి ఆమె జడపిన్ను ఒకటి బయటపడింది. పెళ్ళైన మొదటి వారంలో పోయిందది. ఇన్నాళ్ళూ తమ పాటల వెనక దాక్కుని తమతోపాటే ఊరంతా తిరిగిందన్న సంగతి ఇద్దరికీ ఎంతో అద్భుతంగా తోచింది. దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. అతను దాన్ని ఆమె జడలో గుచ్చబోయి చెవికి గుచ్చాడు. ఆ సందడిలో ఏ తీగ ఎక్కడి నుంచి పీకాడో కాస్త మరుపున పడింది.

"అబ్బాయ్, బండికి ఆపరేషనా?" అని పైనుంచి వినబడింది. పై వాటాలో ఉండే ఇంటి యజమాని ఆయన. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. సందులో అందరూ డిపో మామయ్య అంటారు. బాల్కనీలో కుర్చీ వేసుకుని, సందులోకి వచ్చే పోయే ప్రతి చక్రాన్నీ చూడటం ఆయన ప్రస్తుత ఉద్యోగం.

"కెమెరా పెడుతున్నా మామయ్యగారూ. వెనకేముందో చూపిస్తుంది."

"వెనకేముంటుందయ్యా, మన సందే."

కెమెరాకు కావలసింది రివర్సు లైటు తీగ. గేరు వేసినప్పుడు ఏ తీగలోకి కరెంటు వస్తే అదే. డిక్కీలో తల దూర్చి, చిన్న పరీక్ష బల్బు పట్టుకుని అతను కేకేశాడు. "రివర్సు వెయ్యి!"

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని వేసింది. గేరు ముట్టుకునే ముందు బ్రేకు మీద కాలు పెట్టడం ఆమెకు డ్రైవింగు నేర్చుకున్నప్పటి అలవాటు. పెట్టిన కాలు అలాగే ఉంచి, ఈ సీట్లోంచి పక్క సీటు ఎంత దగ్గరగా ఉందో చూస్తూ ఉండిపోయింది. వెనక రివర్సు లైటూ వెలిగింది, బ్రేకు లైటూ వెలిగింది. అతనికి ముందు దొరికిన తీగలో కరెంటు వచ్చింది. "దొరికింది!" అని ఆనందంగా దానికే ముడివేసి టేపు చుట్టేశాడు.

అంతా బిగించి స్టీరియో పెట్టగానే కారంతా పాటతో నిండింది. గరగర లేదు. గాయని పక్కనే కూర్చుని పాడుతున్నట్టుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఇల్లు కట్టినంత సంబరపడ్డారు. అతను బ్రేకు నొక్కాడు. పాట ఠక్కున ఆగి తెర మీద సందు కనిపించింది. కాలు తీశాడు. సందు పోయి పాట వచ్చింది. రివర్సు వేశాడు. బొమ్మ రాలేదు, పాట ఆగలేదు.

"బ్రేకు వేస్తే వెనక చూపిస్తోంది, వెనక్కి వెళ్తే పాట పాడుతోంది" అన్నాడు అతను నీరసంగా.

"ఆగినప్పుడల్లా ఒకసారి వెనక్కి చూసుకోమంటోందయ్యా. వేదాంతం తెలిసిన బండి" అన్నాడు డిపో మామయ్య.

ఆమె ముఖం మాత్రం వెలిగిపోయింది. "ఇలాగే బాగుందండీ! నిజంగా. ఇలాగే ఉంచేద్దాం."

ఎంత మంచి మనసు ఈమెది, తన పనితనాన్ని తప్పు పట్టలేక ఎలా సర్దుకుపోతోందో అనుకున్నాడు అతను. ఆ మంచి మనసుకు తగిన కెమెరా పెట్టి తీరాలని నిశ్చయించుకుని తోడల్లుడికి ఫోన్ చేశాడు.

"బ్రేకు తీగకి కలిపుంటావు. ఏం ముట్టుకోకు. నేనొస్తున్నా" అన్నాడు బావ. సాయంత్రం టీకి రావలసినవాళ్ళు భోజనాల వేళకే దిగారు. బావ చేతిలో పనిముట్ల పెట్టె. అక్క చేతిలో హ్యాండ్‌బ్యాగు. బావ తన కారును పెద్ద రోడ్డు మీదే ఆపి సందులోకి నడిచి వచ్చాడు, ఆపరేషన్‌కు పిలిపించిన పెద్ద డాక్టరులా.

"ఏం మరదలా, మా తమ్ముడు కారును చంపేశాడా, ఇంకా కొన ఊపిరి ఉందా?"

"పాడుతోంది బావా."

"ఆఖరి పాటేమో చూద్దాం పద."

మగవాళ్ళిద్దరూ డిక్కీలోకి తలలు దూర్చారు. అక్కాచెల్లెళ్ళు వంటింట్లోకి వెళ్ళారు. అక్క టీ ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, చెల్లెలి ముఖంలోకి చూసింది.

"ఏమైందే?"

"ఏం లేదక్కా."

"ఏం లేకపోతే టీలో ఉప్పెందుకు వేశావు?"

చెల్లెలు గిన్నె కడుగుతూ చెప్పింది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతూ చెప్పింది. సగం సగం మాటలు, మధ్యలో నీళ్ళ చప్పుడు. సందు, రివర్సు, సీటు, చెయ్యి. చెవుల దాకా ఎర్రబడి, "ఇక ఆ తెర వచ్చిందంటే అన్నీ పోయినట్టే" అని ముగించింది.

అక్క నవ్వలేదు. కిటికీలోంచి డిక్కీ వైపు, అందులోంచి బయటికి కనిపిస్తున్న భర్త నడుము వైపు చూసింది.

"మొదట్లో మీ బావ కూడా అంతేనే. వెనక్కి తీస్తూ తీస్తూ నా చెవిలో ఏదో ఒకటి అనేవాడు. నేను విదిలించి కొట్టేదాన్ని. అదో ముచ్చట. ఆ తెర వచ్చాక దాని వంకే గుడ్లప్పగించి చూస్తాడు. పక్క సీట్లో నేనున్నానో, కూరగాయల సంచి ఉందో కూడా తెలీదు."

"మరి నువ్వేం చేశావు?"

అక్క హ్యాండ్‌బ్యాగు తెరిచి, ముఖానికి రాసుకునే క్రీము డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"గోరంత చాలు. కెమెరా కంటికి పల్చగా రాయాలి. బొమ్మంతా పొగమంచు పట్టినట్టయిపోతుంది. పాపం, పాడైందనుకుని ఊడదీస్తాడు. కొత్తది వచ్చేదాకా మెడ తిప్పక తప్పదు. ఆ నాలుగు రోజులూ నావి."

చెల్లెలి చేతిలో గిన్నె జారింది. "అక్కా! బావ మూడు కెమెరాలు మార్చానన్నాడు..."

"కెమెరాలు మూడేనే. క్రీము డబ్బాలు ఎన్నయ్యాయో అడుగు."

కెమెరాలు బిగించడంలో బావను మించినవాడు బంధువుల్లో లేడన్న ఖ్యాతికి మూలం తెలిసి, చెల్లెలు గోడకు ఆనుకుని కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అక్క కూడా ఆగలేకపోయింది. తర్వాత చెల్లెలు తడిగుడ్డ తీసుకుని, నంబరు పలక తుడిచి వస్తానని బయటికి వెళ్ళింది. చూపుడువేలు చివర గోరంత క్రీము. గుడ్డ పలకను తుడిచింది, వేలు కెమెరాను తుడిచింది.

బావ అప్పటికి తీగ మార్చి, చేతులు దులుపుకుని, "ఇప్పుడు చూడు తమ్ముడూ" అన్నాడు. అతను డ్రైవరు సీట్లో, బావ పక్కన. "మరదలా, కారు వెనక నిలబడు. దూరం ఎలా కనిపిస్తుందో చూద్దాం."

ఆమె వెళ్ళి నిలబడింది. లోపల రివర్సు గేరు పడిన చప్పుడు. పాట ఆగింది. బొమ్మ వచ్చింది.

ఇద్దరూ తెర దగ్గరికి వంగారు.

తెరంతా పాలలో కడిగినట్టుంది. గోడ అంచులు కరిగిపోయి మబ్బుల్లా తేలుతున్నాయి. ఎండ బంగారు పొడిలా రాలుతోంది. ఆ వెలుగు మధ్యలో పసుపురంగు దుస్తుల్లో ఒక అమ్మాయి, నేల మీద పాదాలు ఆనీ ఆననట్టు, తడిగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆ తడిగుడ్డ కూడా ఏదో పువ్వులా ఉంది.

"అరెరె, మళ్ళీ అదే పొగమంచు జబ్బు!" అన్నాడు బావ. "నా మూడింటికీ ఇదే. కంపెనీ లోపం. ఊడదీసెయ్."

"ముట్టుకోకన్నయ్యా" అన్నాడు అతను. గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. "ఎంత బాగుందో చూడు."

"ఏం బాగుంది? గోడకీ మనిషికీ తేడా తెలీడం లేదు."

"నాకు తెలుస్తోంది."

వెనకనుంచి ఆమె పిలిచింది. "ఏవండీ, అయిందా?"

"కదలకు! అలాగే ఉండు. కొంచెం ఎడమవైపు నవ్వు."

"ఎంతసేపండీ?"

"ఇంకాసేపు."

ఆమె ఎండలో నిలబడి కారు అద్దంలోంచి లోపలికి చూసింది. అతని తల వెనకభాగం కనిపిస్తోంది. ఒక్కసారి కూడా ఇటు తిరగడం లేదు. తెరలో తనను చూసుకుని తనకోసం తిరగడం మానేశాడు. క్రీము రాసి చెడగొడదామనుకుంటే ఆ తెరలోకి తనకంటే అందమైన తననే తెచ్చి పెట్టింది. తనకు తనే సవతి అయిన ఆడమనిషి లోకంలో ఇంకెవరైనా ఉన్నారా అని ఆలోచించింది. తోచలేదు.

సందు చివరిదాకా నడిపి చూద్దామన్నాడు బావ. ఆమె పక్క సీట్లో, అక్కా బావా వెనక సీట్లో కూర్చున్నారు. కారులో కొత్త ప్లాస్టిక్ వాసన. బావ ముందుకు వంగి ఉపదేశించాడు. "వెనక్కి చూడకూడదు తమ్ముడూ. చూసే అలవాటు మానుకోవాలి. తెరను నమ్ము, ఇంకెవరి మాటా వినకు."

"ఇక నువ్వు హాయిగా కూర్చోవచ్చు" అన్నాడు అతను భార్యతో. ఆమె హాయిగా లేని ముఖంతో తలూపింది. రివర్సు పడింది, పాట ఆగింది. ఆమె పక్కకు చూసింది. అతని ఎడమ చేతికి పనిలేకుండా పోయింది. ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని గేరు మీద పెట్టి, మోకాలి మీద పెట్టి, చివరికి తన మెడ మీదే వేసుకున్నాడు. కారు కదిలింది. గోడలు, గేట్లు, పూలకుండీలు అన్నీ మామూలుగానే ముందుకు వచ్చి వెళ్ళిపోతున్నాయి. ఆమెకు అవి గోడలు, గేట్లు, పూలకుండీల్లాగే కనిపించాయి.

సందు మధ్యలో ఒక టీచరమ్మ ఇల్లుంది. ఆదివారం ఈ సందులో కార్లు కదలవన్న ధీమాతో ఆవిడ దారికి అడ్డంగా తాడు కట్టి దుప్పట్లు ఆరవేస్తుంది. తాడు కింద రెండు కుర్చీల మీద పరుపు ఎండబెడుతుంది. ఎప్పుడైనా కారు తీయవలసి వస్తే, అతను వెనక్కి తిరిగి చూసి ఆగుతాడు. ఆవిడ నవ్వుతూ వచ్చి తాడు విప్పుతుంది. ఇవాళ తెరలో అంతా తెల్లగానే ఉంది. అందులో తెల్ల దుప్పటిని వేరే చూసేదెవరు?

"అబ్బాయ్, ఆపు!" అని డిపో మామయ్య బాల్కనీలోంచి అరిచాడు.

"వినకు తమ్ముడూ, తెరను చూడు" అన్నాడు బావ.

తెరలో వెలుగు పెరిగింది. ఇంకా పెరిగింది. బంగారు పొడి పోయి, మబ్బులు పోయి, తెర అంచు నుంచి అంచు దాకా స్వచ్ఛమైన తెలుపు నిండింది.

"ఆహా" అన్నాడు అతను.

కారు ఎంతో సుఖంగా, మెత్తగా దేనికో ఆనుకుని ఆగింది. తాడు తెగి రెండు దుప్పట్లు, నాలుగు దిండు గలీబులు కారును కప్పేశాయి. లోపల నలుగురి మీదా వెన్నెల లాంటి తెల్లటి వెలుగు పరుచుకుంది. కాసేపు అందరూ అలాగే కూర్చున్నారు. చెప్పాలంటే బాగానే ఉంది.

"నా దుప్పట్లు!" అంది బయటినుంచి టీచరమ్మ.

దిగి చూస్తే కారు వెనకభాగం పరుపులో దిగబడి ఉంది. కుర్చీల్లో ఒకటి పడుకుంది. కారుకు గీత కూడా పడలేదు. అతను టీచరమ్మకు క్షమాపణ చెబుతూ దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టాడు. కానీ దుప్పటిని చివర్లు కలిపి మడవడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఆమె రెండో చివర పట్టుకుంది. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూడకుండా దగ్గరికి వచ్చి మళ్ళీ దూరం జరిగారు.

బావ మాత్రం దర్యాప్తులో పడ్డాడు. కెమెరా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని మీద వేలు పెట్టి రుద్దాడు. వేలికి ఏదో జిడ్డు అంటింది. చూశాడు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"ఈ కెమెరా మా ఆవిడ వాసన వస్తోంది" అన్నాడు.

అక్క వెంటనే ఆకాశంలోకి చూసింది. అక్కడ ఏమీ లేదు.

"మూడు కెమెరాలు! మూడు మార్చానే! కంపెనీవాణ్ణి ఫోన్‌లో ఎన్ని మాటలన్నాను!"

"మెడ తిప్పుంటే మొదటిదే బాగుండేది కదండీ."

"మెడకీ దానికీ ఏంటి సంబంధం?"

"ఆ తెరలో వెనకున్నవన్నీ కనిపిస్తాయి మీకు. పక్కనున్నదే కనిపించదు" అంది అక్క. అంటున్నప్పుడు నవ్వుతూనే ఉంది గానీ చివరి మాట దగ్గర ముఖం పక్కకు తిప్పుకుంది. బావ వేలికున్న క్రీమును ఏం చేయాలో తెలియక తన ముక్కుకే రాసుకున్నాడు.

అతను దుప్పటి చివర పట్టుకునే భార్యను అడిగాడు. "అయితే మన కెమెరాకి?"

"నేనే. గోరంతే."

"ఎందుకు?"

బావ, అక్క, టీచరమ్మ, బాల్కనీలో డిపో మామయ్య, అందరూ చూస్తున్నారు. తువ్వాలు కూడా దగ్గర లేదు. ఆమె దుప్పటిని గడ్డం దాకా లాక్కుని, దాని వెనక నుంచి గబగబా అనేసింది. "మీరు వెనక్కి వెళ్ళేటప్పుడు నాకు చాలా బాగుంటుంది. మీ చెయ్యి. ఇక అది ఉండదని."

టీచరమ్మ తన పరుపు మీద తనే కూర్చుండిపోయింది.

"ఇంతకీ నాకో సంగతి అర్థం కాదమ్మాయ్" అన్నాడు పైనుంచి డిపో మామయ్య. "నీకు ఆదివారంతోపాటు మంగళవారం కూడా సెలవు కదా. మంగళవారాలు మీ ఆయన ఒక్కడే వెళ్తాడు. పక్క అద్దాలు చూసుకుంటూ జుయ్యిమని ఈ చివర నుంచి ఆ చివరకు పోతాడు. ఒక్క రోజు కూడా మెడ తిప్పగా చూళ్ళేదు. నువ్వు పక్కనుంటేనే తిప్పుతాడు. నేనేమో పెళ్ళైన కొత్తలో మెడకి వచ్చే జబ్బనుకున్నా."

ఆమె దుప్పటి దించి భర్త వైపు చూసింది. అతను చెవుల చివర్ల దాకా ఎర్రబడిపోయాడు. చూడదగ్గ దృశ్యం.

"అంటే... అద్దాలు చాలా మీకు?"

"చాలు" అన్నాడు అతను దుప్పటితో.

"మరి కెమెరా ఎందుకు పెట్టారు?"

"నువ్వు ఊపిరి కూడా తీసుకోవు! నేను చెయ్యి వేయగానే బొమ్మలా బిగుసుకుపోతావు, కళ్ళు మూసుకుంటావు. కొత్త కదా, ఇబ్బందిగా ఉన్నా చెప్పలేక ఓర్చుకుంటున్నావనుకున్నా. నా అంతట నేను మానదామంటే మానలేకపోయాను. కెమెరా ఉంటే ఇక చెయ్యి వేయడానికి వంక ఉండదు కదా అని."

"ఇబ్బందా!" అంది ఆమె. నవ్వు వచ్చేసింది. అతనికీ వచ్చింది. దుప్పటి మధ్యలో పడి మట్టయింది. టీచరమ్మ అది చూసి కూడా నవ్వేసింది.

"అయితే నా పెళ్ళికానుక గతేంటి?" అన్నాడు బావ.

"పాటలు బాగా వస్తున్నాయి కదండీ" అంది అక్క. బావ సమాధానం చెప్పడానికి ఆమె వైపు తిరిగాడు. చాలాకాలంగా వాడని మెడ కటక్‌మంది. అయినా తిప్పిన మెడను వెంటనే వెనక్కి తీసుకోలేదు. అలాగే ఉంచి, క్రీము ముక్కుతో, ఆమెను కాసేపు చూశాడు. "ఏంటలా చూస్తున్నారు?" అని అక్క విసుక్కుంది. విసుగులో పెద్దగా బలం లేదు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ టీ సంగతి మరిచిపోయి, తమ కారు ఉన్న వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

దుప్పట్లు మళ్ళీ ఉతికిస్తామని మాటిచ్చి, పరుపు సర్దిపెట్టి, కొత్త జంట కారెక్కింది. మిగిలిన సగం సందు వెనక్కి తీయాలి. రివర్సు పడగానే పాట ఆగింది, తెర వెలిగింది. బావ వేలు రుద్దిన చోట ఒక చిన్న గుండ్రని భాగం మాత్రం స్పష్టంగా ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. అతను ఆమె సీటు వెనక చెయ్యి వేశాడు. ఈసారి ఆమె ఊపిరి బిగబట్టలేదు, తల కొంచెం వెనక్కి వాల్చింది. గోడలు కరిగాయి. గేట్లు తేలిపోయాయి. పూలకుండీలు ఒక్కొక్కటే చెయ్యి ఊపుతూ దూరమయ్యాయి. అంత నెమ్మదిగా ఏ బండీ వెనక్కి వెళ్ళగా తన సర్వీసులో చూడలేదని డిపో మామయ్య తర్వాత అందరితో చెప్పాడు.

పెద్ద రోడ్డు వచ్చింది. అతను చెయ్యి తీసి ఒకటో గేరు వేశాడు. పాట మొదలైంది. ఆమెకు తెల్లవారబోతుండగా ఆ చెయ్యి మళ్ళీ వచ్చి ఉన్నచోటే ఆనింది.

"ఏవండీ, ఇప్పుడు ముందుకే కదా వెళ్తున్నాం."

"అవును."

"మరి?"

"ఇక వంక అక్కర్లేదు కదా."

వెనక బళ్ళవాళ్ళు హారన్లు మోగించారు. రెండో గేరు కోసం చెయ్యి మళ్ళీ తీయాలి. అతను తీయలేదు. ఇంజను గట్టిగా మూలిగింది. వాళ్ళకు అది పాటలో భాగంలా వినిపించింది.

మరుసటి నెల బండిని చూసిన మెకానిక్, ఒకటో గేరు పూర్తిగా అరిగిపోయిందనీ, మిగతావన్నీ కొత్తవాటిలా ఉన్నాయనీ చెప్పాడు.